దుప్పటి డిజైన్‌లా కాకుండా గోడ నిండా మెలికలు వేయడం ఎలా?

లంకగడ్డ · డిసెంబరు 17, రాత్రి 9:52

అందరికీ నమస్తే. మాది కోనసీమలో ఒక లంక ఊరు. బొమ్మలు వేయడం ఎక్కడా నేర్చుకోలేదు, నాకు వచ్చినవన్నీ ముగ్గులే. మా పిన్ని అమలాపురంలో ఇల్లు కట్టుకుంది. మాఘమాసంలో గృహప్రవేశం. హాల్లో సోఫా వెనకాల 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తున గోడ ఖాళీగా వదిలేసి, "అక్కడ నువ్వే ఏదో ఒకటి వెయ్యవే" అంది. దేవుడి బొమ్మ వద్దట. పువ్వులు వద్దట. నెమలి అసలే వద్దట. చూడగానే ఇది ఫలానా అని తెలియకూడదట, కానీ చూస్తూ కూర్చోవాలనిపించాలట.

కాగితం మీద పది రకాలు వేశాను. మెలికల ముగ్గులు, గళ్లు, చేప పొలుసుల్లాంటివి. అన్నీ దుప్పటి డిజైన్‌లా వస్తున్నాయి. ఒక మూల చూస్తే చాలు, మిగతాదంతా చూసేసినట్టే. పోనీ తోచినట్టు గీద్దామని గీస్తే పిల్లలు గోడ పాడుచేసినట్టుంది. ఈ రెండింటికీ మధ్యలో ఏదో ఒకటి ఉండాలి కదా? అదేమిటో తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పూతరేకు · డిసెంబరు 17, రాత్రి 10:05

నెమలి వద్దన్న పిన్నిని మొదటిసారి వింటున్నాను. ముందు ఆవిడకి నా నమస్కారం చెప్పండి.

పుల్లరేగు · డిసెంబరు 17, రాత్రి 10:31

గీయడం కాసేపు పక్కన పెట్టి అచ్చులు వేసి చూడండి. బెండకాయ అచ్చు అందరూ వేస్తారు, దానితో పువ్వే వస్తుంది, మీ పిన్ని ఒప్పుకోదు. అరటి బోదె అడ్డంగా కోయండి. ఒకదాని మీద ఒకటి ఒదిగిన చంద్రవంకలు, ఒక్కో వంకలో వల అల్లినట్టు చిన్న చిన్న గదులు కనిపిస్తాయి. ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు. గెల కోసేశాక బోదెలు ఎలాగూ గట్టు మీద పడి ఉంటాయి, ఖర్చు సున్నా.

బ్రష్_బాబాయ్ · డిసెంబరు 18, ఉదయం 6:14

రావులపాలెంలో ముప్పై ఏళ్లు బోర్డులు రాశానమ్మా. ఫ్లెక్సీలు వచ్చాక ఇప్పుడు గోడలకి రంగులు వేస్తున్నాను. రెండు మాటలు చెబుతాను.

ఒకటి, బొమ్మ సంగతి తర్వాత, ముందు గోడ అడుగున అరచెయ్యి ఆనించి చూడు. మన నేల సంగతి తెలిసిందే, నాలుగడుగులు తవ్వితే నీళ్లు. కొత్త గోడ పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. ఆరకుండా రంగు వేస్తే ఉప్పు పైకి తేలి పెచ్చులూడుతుంది. ఒక పాలిథిన్ ముక్క నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి, రెండు రోజులయ్యాక తీసి చూడు. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఆగు.

రెండోది, దుప్పటిలా ఎందుకుంటుందో చెప్పనా? దుప్పటి పది అడుగుల దూరం నుంచి ఎంత చెబుతుందో అడుగు దూరం నుంచీ అంతే చెబుతుంది. నేను బోర్డు రాసేటప్పుడు రోడ్డుకి అవతలి వైపు వెళ్లి, కళ్లు సగం మూసి చూసేవాణ్ణి. నువ్వూ అలాగే చూడు. దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఇంకొకటి కనిపించాలి.

లెక్కల_మాస్టారు · డిసెంబరు 18, సాయంత్రం 7:40

రిటైరయ్యాను కాబట్టి పెద్ద పోస్టు రాస్తున్నా, ఓపిగ్గా చదవండి. మెలికల ముగ్గు వదలకండి, అందులోనే మీకు కావలసింది ఉంది.

కాగితం మీద అడ్డం 3, నిలువు 2 చుక్కలు పెట్టండి. గీతని ఏటవాలుగా చుక్కల మధ్య నుంచి పోనివ్వండి, అంచు రాగానే వెనక్కి తిప్పండి. చెయ్యి ఎత్తకుండా అన్ని చుక్కల్నీ చుట్టి మొదలుపెట్టిన చోటికే వస్తారు. ఇప్పుడు 2, 2 చుక్కలతో చేయండి. ఒక గీతతో పూర్తి కాదు, రెండు గీతలు కావాలి. 3, 3 అయితే మూడు కావాలి. 4, 6 అయితే మళ్లీ రెండు. ఎక్కడిదీ లెక్క? చిన్నప్పుడు తిట్టుకుంటూ చేసిన గ.సా.భా.యే, అంటే రెండు సంఖ్యల్నీ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య! అడ్డం చుక్కలకీ నిలువు చుక్కలకీ గ.సా.భా. ఎంతో, విడి గీతలు అన్ని. ఇది ఎదురు చుక్కల గడికి మాత్రమే. సందు చుక్కల సంగతి వేరు, ఇప్పుడు అందులోకి వెళ్లను. ఆఫ్రికాలో అంగోలా వైపు చోక్వే వాళ్లు ఇసుకలో వేసే సోనా బొమ్మలకీ ఇదే లెక్క వర్తిస్తుంది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ శిరోమణి, ఆయనతో పనిచేసినవాళ్లు 1970ల్లోనే ముగ్గుల్ని వ్యాకరణ సూత్రాల్లా రాసి కంప్యూటర్ శాస్త్రంలోకి తీసుకెళ్లారు.

ఇక మీ గోడ. అర అడుగుకో చుక్క పెడితే అడ్డం 12, నిలువు 8, మొత్తం 96 చుక్కలు. గ.సా.భా. 4, అంటే నాలుగు గీతలు. గీతలు దాటుకునే చోట్లు అడ్డవరసల్లో 11×8, నిలువు వరసల్లో 12×7, కలిపి 172. వాటిలో ఒక గీత తనని తానే దాటేవి 28. తక్కిన 144 చోట్ల ఒక గీత ఇంకో గీతని దాటుతుంది.

అసలు సరదా ఇక్కడే ఉంది. ఆ 144లో ఏదో ఒక చోట గీతల్ని దాటనివ్వకుండా, ఎటుది అటే వంచి వెనక్కి పంపేయండి. రెండు చుక్కల మధ్య చిన్న గోడ కట్టినట్టన్నమాట. ఆ రెండు గీతలూ కలిసి ఒకటైపోతాయి. అలా మూడు చోట్ల జాగ్రత్తగా చేస్తే నాలుగు గీతలూ ఒకే గీత అవుతాయి. ఆ మూడు చోట్లు ఏవో లెక్క చెప్పదు, మీ ఇష్టం.

లంకగడ్డ · డిసెంబరు 18, రాత్రి 8:55

మాస్టారూ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. 3, 2 చుక్కలు వేసి చూస్తే నిజంగానే ఒక్క గీతే! ఇన్నేళ్లూ ముగ్గు కలవకపోతే చుక్క తప్పు పెట్టాననుకుని చెరిపేసేదాన్ని. చుక్కల లెక్కే అలాంటిదని ఇప్పుడు తెలిసింది.

బాబాయ్ గారూ, పాలిథిన్ అంటించి వచ్చాను.

పాత_పెంకుటిల్లు · డిసెంబరు 19, మధ్యాహ్నం 1:20

పెద్దవాణ్ణి, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. ముగ్గు తెల్లవారుజామున వాకిట్లో పుట్టి మధ్యాహ్నానికి కాళ్ల కిందా సైకిళ్ల కిందా పోవాలి. రేపటికి మళ్లీ కొత్తది. మా నాయనమ్మ ధనుర్మాసం నెల్లాళ్లూ వేసింది మళ్లీ వేసేది కాదు. పుస్తకం లేదు, ఫోటో లేదు. దాన్ని తీసుకెళ్లి పెయింటుతో సోఫా వెనకాల అంటించి మోడరన్ ఆర్ట్ అంటే అది ముగ్గు కాదు. బియ్యప్పిండి చీమలకి పెట్టేది, గోడకి కాదు.

పూతరేకు · డిసెంబరు 19, మధ్యాహ్నం 1:34

బాబుగారూ, మా వీధిలో ఇప్పుడు స్టిక్కర్ ముగ్గులు అంటిస్తున్నారు. ఈ అమ్మాయిని వదిలేసి ముందు వాళ్ల సంగతి చూడండి.

తణుకు_టు_మణికొండ · డిసెంబరు 19, రాత్రి 11:48

ఇంకో దారి చెబుతాను. ఫ్రాన్స్‌లో సెబాస్టియన్ త్రుషే అనే ఆయన 1704లో పలకలతో ఒక ప్రయోగం చేశాడు. చదరపు పలకని కర్ణం మీదుగా సగం నలుపు, సగం తెలుపు చేసి, ఎటు తిప్పి పెడితే ఏ డిజైన్ వస్తుందో చూశాడు. 1987లో సిరిల్ స్మిత్ అనే ఆయన ఆ రంగులు తీసేసి, ఎదురెదురు మూలల్లో రెండు పావు వృత్తాల వంపులు పెట్టాడు. ఆ పలక ఎటు తిప్పినా గీత పక్క పలకలోకి అతుకుతుంది. ఎక్కడా తెగదు. అంటే దాదాపు మీ మెలికే.

మీ గోడకి అడుగు పలకలు 24 పడతాయి. ఒక్కోటి రెండు రకాలుగా పెట్టొచ్చు కాబట్టి మొత్తం 1,67,77,216 డిజైన్లు. కావాలంటే కంప్యూటర్‌లో పైథాన్ ప్రోగ్రాం రాసి రెండు వందల బొమ్మలు ఇప్పుడే పంపిస్తా.

లంకగడ్డ · డిసెంబరు 22, రాత్రి 9:10

మూడు రోజులుగా చేసినవి చెబుతున్నాను, నవ్వకండి.

అరటి బోదె అచ్చు: మొదటి నాలుగు అచ్చులు చూసి నాకు ఏడుపొచ్చింది, అంత బాగున్నాయి. ఆ వల గదులు అచ్చం అద్దినట్టు పడ్డాయి. ఆరోదానికి బోదెలోంచి నీరు ఊరి రంగంతా పల్చనైపోయింది. మర్నాటికి కాగితం మీద గోధుమరంగు మరకలు తేలాయి. అరటి మరక బట్ట మీద పడితేనే వదలదు, ఆ సంగతి నాకు తెలిసి ఉండాల్సింది. గోడకి పనికిరాదు. కాగితాలు మాత్రం దాచుకున్నాను, ఆ మరకలే నాకు బోదె కంటే నచ్చాయి.

బియ్యప్పిండి: గోడ సైజులో డాబా మీద వేసి చూద్దామని రాత్రి 12, 8 చుక్కలతో వేశాను. పొద్దున్న లేచేసరికి ఒక వైపు చీమలు పని పూర్తి చేశాయి. పాత_పెంకుటిల్లు గారూ, మీ మాట నిలబడింది.

పలకలు: అట్టపెట్టెలు కోసి 24 ముక్కలు చేసి వంపులు గీశాను. రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే ఇటు, బొరుసు పడితే అటు పెట్టాను. వరసగా ఏడుసార్లు బొమ్మే పడింది. చూసేవాళ్లు నేనే కావాలని పేర్చాననుకుంటారు. ఒకటి తిప్పేద్దామని చెయ్యి లాగింది. తిప్పాక ఇంకొకటి తిప్పాలనిపించింది. చివరికి బిళ్ల వేసినవి పదో పదకొండో మిగిలాయి, తక్కినవన్నీ నావే.

తణుకు గారూ, మీరు పంపిన 200 బొమ్మలూ చూశాను. ముప్పైయో దాని దగ్గర కళ్లు తిరిగాయి. అన్నీ బాగున్నాయి, ఏదీ నాది అనిపించలేదు. మీ తప్పు కాదండి.

తణుకు_టు_మణికొండ · డిసెంబరు 22, రాత్రి 9:41

నా అనుభవమూ అదే. వెయ్యి తయారు చేయడానికి అర సెకను. ఒకటి ఎంచుకోవడానికి ఆదివారమంతా.

దుప్పటి సమస్యకి ఇంకో విచిత్రం. 2022లో ఇంగ్లండ్‌లో డేవిడ్ స్మిత్ అనే ఆయన, వృత్తిరీత్యా లెక్కలవాడు కాదు, ఇంట్లో అట్టముక్కలు కోస్తూ 13 భుజాల ఆకారం ఒకటి పట్టుకున్నాడు. చూడ్డానికి టోపీలా ఉంటుంది. ఆ ఒక్క ఆకారంతో నేలంతా ఖాళీ లేకుండా పరచొచ్చు, కానీ పరిచిన డిజైన్ దుప్పటిలా పదేపదే తిరిగి రావడం అసాధ్యం. ఆ తర్వాత మరో ముగ్గురితో కలిసి దాన్ని నిరూపించారు.

లంకగడ్డ · డిసెంబరు 24, ఉదయం 11:02

ఆ టోపీ కూడా కోసి చూశాను. కొన్ని ముక్కలు బోర్లా తిప్పితే కానీ అతకడం లేదు. అట్టకి రెండు వైపులా రంగు వేయాల్సొచ్చింది. ఇరవై ముక్కలకే నా వల్ల కాలేదు. మెలికల దగ్గరికే వచ్చేస్తున్నాను.

కొక్కెం_దారం · డిసెంబరు 26, మధ్యాహ్నం 3:15

ఇక్కడ ఎవరూ లేసు మాట ఎత్తలేదేమిటి? మాది నరసాపురం దగ్గర. మా అమ్మ అరుగు మీద కూర్చుని లేసు అల్లుతుంటే చూస్తూ పెరిగాను. గుండ్రటి లేసు చదునుగా రావాలంటే వరసకి ఇన్ని కుట్లే పెంచాలి. మొదటి వరసలో 12 వేస్తే తర్వాత 24, ఆ తర్వాత 36. తక్కువైతే గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువైతే అంచు కుచ్చిళ్లు పడుతుంది. కుచ్చిళ్లు పడ్డ ముక్కని సరుకు తీసుకెళ్లే మనిషి పక్కన పడేసేవాడు. రెండు రోజుల కూలి అందులోనే పోయేది. అమ్మ వాటితో దిండుకి దూది బదులు కుక్కేది.

పెద్దయ్యాక తెలిసింది. అమెరికాలో డైనా తైమిన్య అనే లెక్కల టీచరమ్మ 1997లో కావాలనే అలా కుట్లు పెంచుకుంటూ పోయి, పగడపు దిబ్బలా మడతలు మడతలుగా అల్లింది. కాగితం మీద గీసి చూపించలేని వక్రతలాన్ని పిల్లల చేతికి ఇచ్చి పాఠం చెప్పింది. మా అమ్మ దిండులో కుక్కినవీ అవే! 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు ముందు ఆ దిండే గుర్తొచ్చింది.

లంకగడ్డ గారూ, మూడు కుట్లకి ఒకటి అదనంగా వేస్తూ అల్లి చూడండి, గంటలో తేడా తెలుస్తుంది. గోడకి పనికిరాదనుకోండి, చేతికి బాగుంటుంది.

పాత_పెంకుటిల్లు · డిసెంబరు 26, సాయంత్రం 5:50

ఆ దిండు ఇంకా ఉందా అమ్మా?

కొక్కెం_దారం · డిసెంబరు 26, సాయంత్రం 6:03

లేదండి. తుఫానులో ఇంట్లోకి నీళ్లొచ్చినప్పుడు పోయింది.

లంకగడ్డ · జనవరి 17, రాత్రి 10:20

పండుగ హడావిడిలో ఇటు రాలేదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. ఏటా వెళ్తాను, ఈసారి బాబాయ్ గారి మాట చెవిలో పెట్టుకుని చూశాను. దూరంగా కొబ్బరిచెట్ల మధ్య నుంచి ప్రభ వస్తుంటే ఒక పెద్ద రంగుల ముద్ద కదిలొస్తున్నట్టుంది. దగ్గరికి వస్తే వెదురు చట్రం, దాని మీద బిగించి కట్టిన దారాలు, బట్టలు, మధ్యలో రంగు మారే చోట ముడులు. ఎవరో చేత్తో కట్టినవని ఆ ముడుల దగ్గరే తెలుస్తుంది. ప్రభ ఎత్తినవాళ్లు అడుగు తప్పినప్పుడల్లా ఆ గీతలన్నీ ఒకేసారి వంగి లేస్తున్నాయి. ఫోటో తీయడం మర్చిపోయాను.

గోడ ఆరింది. రేపు మొదలు.

బ్రష్_బాబాయ్ · జనవరి 18, ఉదయం 5:58

చుక్కలు టేపుతో కొలవకు, ఒక్కో చుక్కకి నూలువాసి తేడా వచ్చినా చివరికి అంగుళం పోతుంది. నూలు దారానికి నీలం పొడి పట్టించి, ఇద్దరు రెండు వైపులా బిగించి పట్టుకుని మధ్యలో లాగి వదలండి. అడ్డం గీతలు, నిలువు గీతలు కలిసిన చోటే చుక్క. రంగు ఆరాక నీలం తడిగుడ్డతో పోతుంది.

లంకగడ్డ · జనవరి 29, రాత్రి 8:47

అయిపోయింది. వివరంగా రాస్తాను.

గోడకి ముందు జేగురు రంగు వేశాను, పాత ఇళ్ల అరుగుల రంగు. దాని మీద 96 చుక్కలు. నాలుగు గీతలూ నాలుగు రంగుల చాక్‌పీసులతో గీసి, సోఫా ఉండే చోట స్టూలు వేసుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ కలపాలి? మొదట మూడూ నడిమధ్యలో పెట్టాను. అక్కడ కన్ను కట్టేసినట్టు ఆగిపోతోంది. చెరిపేశాను. మూడింటినీ మూలలకి నెట్టాను. అప్పుడు మళ్లీ దుప్పటే, అంచులు చిరిగిన దుప్పటి. చివరికి ఒకటి ఎడమ వైపు నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, ఒకటి కుడి పైన, ఒకటి సోఫా వెనక్కి పోయేంత కిందన పెట్టాను. "సోఫా వెనక ఎవరు చూస్తారే" అని పిన్ని గొణిగింది.

మూడూ అయ్యాక వేలితో గీత వెంబడే వెళ్తే సగంలోనే మొదటికి వచ్చేశాను. ఇంకా రెండు గీతలున్నాయి! ఆ సాయంత్రమంతా దారం పట్టుకుని వెతికాను. కుడి పైన విడదీసింది వేర్వేరు గీతల్ని కాదు, అప్పటికే కలిసిపోయిన ఒకే గీత తనని తాను దాటే చోటు. మాస్టారు "జాగ్రత్తగా" అన్నది దీని గురించే అయి ఉంటుంది. దాన్ని మళ్లీ దాటించి, పక్క చుక్క దగ్గర విడదీస్తే కలిసింది.

గీత తెలుపుతో మొదలుపెట్టాను. అడుగు అడుగుకీ గిన్నెలో చెంచాడు పసుపు రంగు కలుపుతూ పోయాను. సగం దూరం వెళ్లాక తెలుపు కలుపుతూ వెనక్కి వచ్చాను. దూరం నుంచి చూస్తే గోడ మీద ఎండ మచ్చలు పడ్డట్టు అక్కడక్కడ పసుపు తేలుతుంది. దగ్గరికొస్తే ఒక్క గీతే. ఎనిమిది రోజులు పట్టింది. మెడ ఇప్పటికీ తిరగడం లేదు.

లెక్కల_మాస్టారు · జనవరి 29, రాత్రి 9:15

శభాష్! ఒక్కో చుక్క చుట్టూ నాలుగు ఏటవాలు ముక్కలు, 96 చుక్కలు. వంపులు పక్కన పెడితే మొత్తం దాదాపు 136 అడుగుల గీత గీశారు. రెండు గీతలు కలిశాక వాటి మధ్య దాటుళ్లు కూడా సొంత దాటుళ్లైపోతాయి. ఆ ముక్క ముందే రాయకపోవడం నా తప్పు, వాత నాకే పెట్టండి.

పాత_పెంకుటిల్లు · జనవరి 30, ఉదయం 7:30

ముగ్గు కాదనే ఇప్పటికీ అంటాను. ఫోటో పెట్టండి, చూస్తాను.

లంకగడ్డ · ఫిబ్రవరి 2, సాయంత్రం 6:38

ఫోటో పెట్టానండి, పైన ఉంది.

ఇంకో సంగతి. నిన్న మెట్ల దగ్గర మిగిలిన పని చూసుకోవడానికి తాపీ మేస్త్రి వచ్చాడు. చేతులు కడుక్కుని వచ్చి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఏమంటాడోనని వంటింట్లోంచి చూస్తున్నాను. "అమ్మా, పనంతా బాగుంది కానీ రెండు చోట్ల తప్పు పడింది, చూసుకోలేదా?" అని సరిగ్గా కంటి ఎత్తుదీ, కుడి పైదీ చూపించాడు. 172 చోట్లలో ఆ రెండూ! కావాలనే పెట్టానంటే నమ్మలేదు. పిన్ని మాత్రం సోఫా జరిపి, "మూడోది ఇదిగో" అని చూపించింది.

బాబాయ్ గారూ, సోఫా జరిపినప్పుడే కనిపించింది. కింద కుడి మూలన రూపాయి బిళ్లంత మేర రంగు ఉబ్బింది. నొక్కితే గుల్లగా ఉంది.

బ్రష్_బాబాయ్ · ఫిబ్రవరి 2, రాత్రి 7:05

గోకకు. ఎండాకాలం దాకా అలాగే ఉండనీ. ఏప్రిల్లో పెచ్చు తీసి, ఆరనిచ్చి, ఆ మూల వరకే మళ్లీ వేద్దువుగాని. నీ పసుపు ఆ చోట ఎన్ని చెంచాలు కలిపావో ఇప్పుడే రాసి పెట్టుకో.

లంకగడ్డ · ఫిబ్రవరి 2, రాత్రి 7:11

పదకొండు. గోడ వెనకాలే పెన్సిల్‌తో రాసి వచ్చాను.